గుండె దాచుకున్న బండి

నీకు ముందు ఇంజను ఉండదు. లాగేది ఒకటి, దాని వెనక నడిచేవి కొన్ని అనే పాత రైలు ధర్మం నీకు వర్తించదు. జనం కూర్చునే పెట్టెలోనే, వాళ్ళ కాళ్ళ కిందో, డ్రైవరు వెనక గోడకు అవతలో, నీ గుండె కొట్టుకుంటుంది. చివరి స్టేషన్ చేరాక ఇంజను విప్పి, తిప్పి, రెండో కొసకు తగిలించే తతంగం నీకు లేదు. డ్రైవరు బ్యాగు పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి వెళతాడు, అంతే, నీకు వెనక ముందవుతుంది. బొగ్గు అడగవు. నీళ్ళ గొట్టం దగ్గర ఆగవు. తెల్లవారుజామున నిప్పు రాజేసి, ఆవిరి పుట్టేదాకా గంటల తరబడి నీ పక్కన ఎవరూ కాచుకుని ఉండనక్కర్లేదు.

జర్మనీ పట్టాల మీద పెరిగిన డీజిల్ రైల్‌కారూ, నిన్ను పాడాలని ఉంది. స్టేషన్లను ఊపేస్తూ దూసుకుపోయిన నీ ఉక్కు రూపాన్నీ, బల్ల మీద మూరెడు మేర పరుచుకునే నీ బుల్లి రూపాన్నీ ఒకే గొంతుతో పాడాలని ఉంది. ఆ రెండింటినీ చేసిన చేతులు ఒకే చిక్కుతో పెనుగులాడాయి మరి. మనుషులకు చోటు మిగలాలి, పరుగు తగ్గకూడదు. అయితే గుండెను ఎక్కడ దాచాలి?

నీ వంశం ఆగ్స్‌బుర్గ్‌లో మొదలవుతుంది. 1897లో రుడాల్ఫ్ డీజిల్ అక్కడ నడిపి చూపిన ఇంజను ఎత్తు మూడు మీటర్లు. దాని బలం ఇరవై హార్స్‌పవర్ దగ్గర. ఫ్యాక్టరీ గదిలో నిలబెట్టడానికి బాగుంది గాని, పెట్టెలోకి ఎక్కించి పరిగెత్తించే వీలు లేదు. 1913 సెప్టెంబరులో ఇంగ్లండు వెళ్ళే ఓడలోంచి డీజిల్ ఒక రాత్రి కనబడకుండా పోయాడు. తన పేరు మోసే బళ్ళు దేశం నలుమూలలా పరుగులు తీసే రోజులు ఆయన చూడలేదు.

ఆ ఇంజను బరువును కరిగించినవాళ్ళు ఆకాశం వైపు నుంచి వచ్చారు. బోడెన్ సరస్సు ఒడ్డున ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో కార్ల్ మైబాఖ్ జెప్పెలిన్ గాలి ఓడలకు ఇంజన్లు చేసేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీని విమాన ఇంజన్ల జోలికి పోవద్దని వెర్సాయ్ ఒప్పందం కట్టడి చేసింది. ఎగిరేదానిలో ప్రతి కిలో ఎంత భారమో తెలిసిన చేతులవి. ఆ చేతులు పట్టాల వైపు తిరిగాయి. 1924లో బెర్లిన్ దగ్గర సెడ్డిన్‌లో జరిగిన రైల్వే ప్రదర్శనలో మైబాఖ్ డీజిల్ ఇంజను పెట్టిన రైల్‌కారు జనం ముందు నిలబడింది. బలం 150 హార్స్‌పవర్. నేల మీద నడిచేదానికి గాలిలో తిరిగినవాళ్ళ ఒడుపు అబ్బింది. నీ తర్వాతి కథంతా ఆ ఒడుపే.

ఎనిమిదేళ్ళు గడిచాయి. గోర్లిట్స్‌లోని వుమాగ్ కర్మాగారం నుంచి నువ్వు మీగడ రంగూ ఊదా రంగూ కట్టుకుని బయటికి వచ్చావు. ఫ్లీగెండర్ హాంబుర్గర్, ఎగిరే హాంబర్గువాసి అన్నారు నిన్ను. రెండు పెట్టెలు, మొత్తం పొడవు దాదాపు 42 మీటర్లు. ఆ రెండూ నడుమ ఒకే చక్రాల చట్రం మీద చెరో భుజం ఆనించుకున్నాయి. ఒక చట్రం బరువు తగ్గింది, వంపుల్లో రెండు పెట్టెలూ ఒకే ఒంట్లా తిరిగాయి. రెండు కొసల్లో రెండు మైబాఖ్ ఇంజన్లు, ఒక్కొక్కటి పన్నెండు సిలిండర్లతో 410 హార్స్‌పవర్ ఇచ్చేవి. ఆ ఇంజన్లు చక్రాల జోలికి పోవు. జనరేటర్లను తిప్పుతాయి. ఆ కరెంటు నడిమి చట్రంలోని మోటార్లకు చేరి, అక్కడ పరుగవుతుంది. అంటే కొసల్లో గుండెలు, నడుములో సత్తువ. నీ మొహం ఏ వంపులో ఉండాలో జెప్పెలిన్ వాళ్ళ గాలి సొరంగంలో తేల్చారు. గాలికి అడ్డుపడే ప్రతి మూలనూ గుండ్రం చేశారు. లోపల 98 సీట్లు, ఆకలేసినవాళ్ళకు ఒక చిన్న బఫే.

1933 మే 15. బెర్లిన్ లేర్టర్ స్టేషన్ నుంచి హాంబర్గ్‌కు నీ రోజువారీ పరుగు మొదలైంది. 286 కిలోమీటర్లను 138 నిమిషాల్లో దాటావు. సగటున గంటకు 124 కిలోమీటర్లు, దారిలో 160 దాకా. అంత వేగాన్ని ఆపడం కూడా ఒక విద్యే. చక్రాలకు వేసే బ్రేకులు చాలక, పట్టానే అంటిపెట్టుకునే అయస్కాంతపు బ్రేకులు నీకు అమర్చారు. ఆ రెండు ఊళ్ళ మధ్య నీ కంటే వేగంగా చేర్చే బండి కోసం 1997 దాకా, ఐసీఈ వచ్చేదాకా, ఎదురుచూడాల్సి వచ్చింది. నడుమ యుద్ధం ఉంది, దేశాన్ని చీల్చిన సరిహద్దు ఉంది. అయినా ఆరు దశాబ్దాలకు పైగా ఒక టైంటేబుల్ ఓడిపోకుండా నిలవడం చిన్న సంగతి కాదు.

అదే దారిలో నీకంటే ముందు, 1931 జూన్‌లో, ఫ్రాంజ్ క్రుకెన్‌బెర్గ్ తయారుచేసిన బండి వెనక విమానపు పంకా కట్టుకుని గంటకు 230 కిలోమీటర్లు పోయింది. చూసినవాళ్ళు నోరు తెరిచారు. అయితే ప్లాట్‌ఫారం మీద జనం నిలబడే చోట తిరిగే పంకాకు తావెక్కడ? ఆ బండి ఒంటరిగా మిగిలింది. నీ గొప్ప వేరు. నువ్వు పొద్దున టిక్కెట్టు కొనుక్కున్న మనిషిని పని ముగించుకుని రాత్రికి ఇంటికి చేర్చావు. నీ తోబుట్టువులు కొలోన్‌కు, ఫ్రాంక్‌ఫర్ట్‌కు, మ్యూనిక్‌కు పోయాయి. 1936 ఫిబ్రవరిలో లైప్‌జిగ్ రకం బండి 205 కిలోమీటర్ల వేగం అందుకుంది. 1939 జూన్‌లో అదే క్రుకెన్‌బెర్గ్, పంకా వదిలేసి నీ కులంలోకే వచ్చి, డీజిల్ బండితో 215 తాకాడు.

నిన్ను పాడేటప్పుడు ఆ ఏళ్ళ నీడను దాటవేయలేను. నిన్ను గీసినప్పుడు, నీకు ఆర్డరు ఇచ్చినప్పుడు జర్మనీలో ఇంకా గణతంత్రం ఉంది. నువ్వు జనాన్ని ఎక్కించుకునే నాటికి హిట్లర్ ఛాన్సలరు. నీ వేగాన్ని ఆ ప్రభుత్వం తన గొప్పగా ఊరూరా చాటుకుంది. 1939 ఆగస్టులో, యుద్ధానికి కొద్ది రోజుల ముందు, నీ పరుగులు ఆపేశారు. డీజిల్ సైన్యానికి కావలసి వచ్చింది. మనుషుల్ని మనుషుల దగ్గరికి చేర్చడానికి పుట్టిన నూనె, ట్యాంకులకు పోయింది. ఆ పాపంలో నీ పాలు ఎంత అని అడిగితే నా దగ్గర జవాబుంది. యంత్రం పాలు ఏమీ లేదు, దాన్ని పొగిడించుకున్నవాళ్ళ పాలే అంతా. అయినా నీ ఊదా రంగు బొమ్మను చూసి మురిసేటప్పుడు ఆ సంవత్సరాలను చూసే మురవాలి.

యుద్ధం తర్వాత నువ్వు మళ్ళీ తిరిగావు, అలిసిన ఒంటితో, 1957 దాకా. ఇప్పుడు నీ సగం మాత్రమే న్యూరెంబర్గ్ మ్యూజియంలో ఉంది. మిగతా సగం తుక్కు కింద పోయింది. నీ తోబుట్టువు ఒకటి లైప్‌జిగ్ పెద్ద స్టేషన్‌లో 24వ నంబరు పట్టా మీద నిలబడి ఉంటుంది. రోజూ వేలమంది కాఫీ కప్పులతో దాని పక్క నుంచే నడిచిపోతారు.

చీలిన దేశంలో నువ్వు రెండు ఇళ్ళలో పెరిగావు. పడమట, గుడ్డు లాంటి గుండ్రటి నుదురున్న వీటీ 08 వచ్చింది. 1954 జూలైలో బెర్న్ మైదానంలో హంగేరీని 3–2తో ఓడించిన పశ్చిమ జర్మనీ ఫుట్‌బాల్ జట్టును స్విట్జర్లాండ్ నుంచి ఇంటికి తెచ్చింది అదే. పెట్టె పక్కన పెద్ద అక్షరాలతో ప్రపంచ విజేతలని రాశారు. శిథిలాల మధ్య తొమ్మిదేళ్ళుగా తలవంచుకుని బతికిన జనం స్టేషన్లకు ఎగబడ్డారు. పట్టాల పక్కన నిలబడి చేతులూపారు. ఎర్రటి రైల్‌కారు కిటికీలోంచి చేయి చాపిన ఆటగాడి వేళ్ళు తాకితే చాలనుకున్నారు.

1957లో వీటీ 11.5. ఎరుపూ మీగడా కలిసిన ఆ బండి, యూరప్ దేశాల సరిహద్దులు దాటి పోయే టీఈఈ బళ్ళలో జర్మనీ పంపిన రాజకుమారి. కొసల్లోని రెండు పెట్టెల్లో ఒక్కొక్క 1100 హార్స్‌పవర్ ఇంజను. ఉబ్బిన ముక్కు వెనక, ఎత్తులో డ్రైవరు. క్రుకెన్‌బెర్గ్ 1939లో చెక్కిన మొహపు పోలిక అందులో కనబడుతుంది. గుండె చప్పుడు వినబడకుండా జనాన్ని నడిమి పెట్టెల్లో కూర్చోబెట్టి, చల్లటి గాలి పంపి, తెల్లటి గుడ్డ పరిచిన బల్లల మీద భోజనం పెట్టారు. హెల్వేటియా అనే పేరుతో అది హాంబర్గ్ నుంచి జ్యూరిక్ పోయేది. ఆ నడిమి పెట్టెలు కట్టిన కంపెనీల్లో ఒకటి లింకె-హోఫ్‌మన్-బుష్. మీకు ఆ పేరు తెలియదనుకుంటే పొరపాటు. సికింద్రాబాద్‌లోనో విజయవాడలోనో మనం ఎక్కే ఎల్‌హెచ్‌బీ పెట్టెల మీది మూడు అక్షరాలు ఆ పేరువే. వాళ్ళ నమూనా తెచ్చుకుని కపుర్తలాలో కట్టడం మొదలుపెట్టిన పెట్టెలవి.

తూర్పున గోర్లిట్స్ ఊరు తన పాత విద్యను మరిచిపోలేదు. ఎగిరే హాంబర్గువాసి పుట్టిన ఆ ఊళ్ళోనే 1963లో వీటీ 18.16 పుట్టింది. గంటకు 160 కిలోమీటర్లు పోగలిగిన ఆ పొడుగు ముక్కు సుందరి విందోబోనా పేరుతో బెర్లిన్ నుంచి ప్రాగ్ మీదుగా వియన్నా పోయింది. గోడ కట్టుకున్న దేశం గోడ అవతలికి పంపిన ముఖం అది. ఎంత అందమైన ముఖమో. దాన్ని మళ్ళీ పట్టాల మీద పరిగెత్తించాలని ఈ మధ్య కొందరు పూనుకున్నారు. తుప్పు గీకి, వైర్లు కొత్తగా లాగి, దొరకని సామాన్లను చేయించుకుంటూ పనిచేస్తున్న ఆ మనుషులకు దణ్ణం.

ఇక నీ బుల్లి అవతారం.

1935లో గ్యోప్పింగెన్‌కు చెందిన మేర్క్‌లిన్, న్యూరెంబర్గ్‌కు చెందిన ట్రిక్స్ చిన్న పట్టాల రైళ్ళను బజారులోకి తెచ్చాయి. మధ్యతరగతి ఇంటి భోజనాల బల్ల మీద పట్టేంత చిన్నవి. అసలును 87 వంతులు చేసి ఒక వంతు తీసుకుంటే వచ్చే కొలత ఇప్పుడు ఎక్కువమంది కొలత. ఆ కొలతలో ఎగిరే హాంబర్గువాసి 48 సెంటీమీటర్లు, మూర కంటే కాస్త ఎక్కువ. ఏడు పెట్టెల టీఈఈ బండి ఒకటిన్నర మీటరు. మేర్క్‌లిన్ 1972లో తెచ్చిన జెడ్ కొలతకు వెళితే, 220 వంతుల్లో ఒక వంతు. అప్పుడు హాంబర్గువాసి జానెడు కూడా ఉండదు. 42 మీటర్ల బండి అరచేతి మొదలు నుంచి వేలి కొస దాకా పడుకుంటుంది.

పొడవు 87 వంతులు తగ్గితే బరువు 87 వంతులు తగ్గి ఊరుకోదు. పొడవులో, వెడల్పులో, ఎత్తులో మూడుసార్లు తగ్గుతుంది. లెక్క వేస్తే టన్ను బరువు ఒకటిన్నర గ్రాముకు దిగుతుంది. అంత తేలికైన బండి పట్టాను పట్టుకోలేక చక్రాలు తిప్పుకుంటూ ఉన్నచోటే ఉండిపోతుంది. అందుకే నమూనా చేసేవాళ్ళు అడుగున లోహపు దిమ్మ పెడతారు, ఒకటి రెండు చక్రాలకు సన్నటి రబ్బరు పట్టీ తొడుగుతారు. బరువు తగ్గించడానికి మైబాఖ్ తల బద్దలు కొట్టుకున్నాడు. బరువు పెంచడానికి వీళ్ళు బద్దలు కొట్టుకుంటారు.

ఒక్కటి మాత్రం చిన్నదవదు, కాలం. గంటకు 160 కిలోమీటర్ల వేగంలో అసలు బండి తన పొడవంత దూరం దాటడానికి సెకను కంటే కాస్త తక్కువ పట్టేది. కొలత ప్రకారం నడిపితే బుల్లి బండి సెకనుకు 51 సెంటీమీటర్లు పోతుంది, తన ఒంటి పొడవును అదే సెకను లోపు దాటుతుంది. బెర్లిన్ నుంచి హాంబర్గ్ దాకా పట్టాలు కూడా ఆ కొలతలోనే పరిస్తే దాదాపు 3.3 కిలోమీటర్లు. ఎవరింట్లోనూ పట్టదు. పట్టిందనుకోండి, ఆ బుల్లి బండికీ 138 నిమిషాలే పడుతుంది. ఈ లెక్క తెలిసిన రోజు నుంచి నమూనాను ఆటబొమ్మ అనడానికి నాకు నోరు రావడం లేదు.

గుండె దాచే చిక్కు ఇక్కడ మరీ ఇరుకు. ఆవిరి ఇంజను నమూనాలో బాయిలరు ఉంటుంది, మోటారు అందులో దూరుతుంది, చూసేవాళ్ళకు అనుమానం రాదు. నీకు ఒళ్ళంతా కిటికీలే. పాత నమూనాల్లో మోటారు పెట్టెలో సగాన్ని మింగేసేది. కిటికీకి కన్ను ఆనిస్తే సీట్లు ఉండాల్సిన చోట రాగి తీగ చుట్టలు, పళ్ళ చక్రాలు కనబడేవి. పైన రంగు ఎంత బాగా వేసినా ఆ కిటికీ నిజం చెప్పేసేది. మోటార్లు చిక్కిపోతూ వచ్చాక, వాటిని నేల కిందికో, ఇంజను గది గోడల మధ్యకో నెట్టాక, కిటికీ ఇవతలి నుంచి చూస్తే అవతలి గోడ కనబడింది. నడుమ సీట్లు, బల్లలు, సామాను పెట్టే అరలు. రోథెన్‌బుర్గ్ దగ్గరి ప్రైజర్ కంపెనీ చేసే రెండు సెంటీమీటర్ల మనుషులు ఆ సీట్లలో కూర్చుని పేపరు చదువుతారు. 1932లో గోర్లిట్స్‌లో ఇంజనీర్లు ప్రయాణికుడికి ఇచ్చిన చోటునే, ఈనాటి నమూనా పనివాడు ఈ బుల్లి ప్రయాణికుడికి ఇస్తున్నాడు.

జర్మనీలో ఈ పని చేసేవాళ్ళు రైలు చరిత్రను యుగాలుగా విడగొట్టుకున్నారు. రెండో యుగం యుద్ధానికి ముందటి జర్మనీ రైల్వే రైష్‌బాన్ రోజులు, మూడోది యుద్ధానంతర పునర్నిర్మాణం, నాలుగోది కంప్యూటరు నంబర్ల కాలం. 1968లో పశ్చిమ జర్మనీ రైల్వే బళ్ళన్నిటికీ కొత్త నంబర్లు ఇచ్చింది. వీటీ 11.5 కాస్తా 601 అయింది. మూడో యుగపు బొమ్మ మీద 601 అని వేస్తే పట్టుకుని నిలదీసేవాళ్ళున్నారు. భూతద్దం పెడితే గాని కనబడని అక్షరాల్లో పెట్టె బరువు, బ్రేకు రకం, ఆఖరి తనిఖీ తేదీ అచ్చువేస్తారు. వంకలు పెట్టడమని కొందరికి అనిపించవచ్చు. నాకు అది మర్యాదగా కనబడుతుంది. తుక్కయిపోయిన బండికి దాని సరైన నంబరు గుర్తుపెట్టుకున్నవాళ్ళు వీళ్ళే.

నన్నడిగితే, నీ రూపాలన్నిటిలో నా మనసు పోయేది రాకుమారుల మీదికి కాదు, షీనెన్‌బుస్ మీదికి. రైలుబస్సు. కాకినాడ నుంచి కోటిపల్లికి పచ్చటి చేల మధ్య రైలుబస్సులో పోయినవాళ్ళకు దీని సంగతి వివరించనక్కర్లేదు. యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీ పల్లెల పట్టాల మీద ఆవిరి బండి నడపడమంటే ఖర్చు పది మందికి, ఎక్కేది ఇద్దరు. పక్క రోడ్డు మీద బస్సులు జనాన్ని ఎత్తుకుపోతున్నాయి. అప్పుడు ఉర్డింగెన్ కర్మాగారం బస్సునే పట్టాల మీదికి తెచ్చింది. 1950లో మొదటి బళ్ళు, 1955 నుంచి రెండు ఇంజన్ల వీటీ 98. పొడవు 14 మీటర్లు, రెండే ఇరుసులు, ఒంటినిండా ఎరుపు. బ్యూసింగ్ కంపెనీ ఇంజన్లు రెండు, ఒక్కొక్కటి 150 హార్స్‌పవర్, రెండూ నేల కింద పడుకుని ఉంటాయి. పైన హాలంతా మనుషులదే. గుండెను దాచడంలో నీ జాతి ఇంతకంటే బాగా ఎప్పుడూ దాచలేదు. డ్రైవరు వెనక గోడ లేదు. పిల్లలు అతని భుజం పక్కనుంచి ముందుకు చూస్తూ, వంపు తర్వాత వచ్చే ఊరిని అతనితోపాటే కనిపెట్టేవాళ్ళు. బండి తిరుగుముఖం పట్టేటప్పుడు సీటు వీపును అటు నుంచి ఇటు తోసేస్తే, వెళ్ళే వైపుకే మొహం పెట్టుకుని కూర్చోవచ్చు.

స్కూలు పిల్లలు, సంతకు పోయేవాళ్ళు, ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాళ్ళు దాన్ని ఎక్కారు. మూతపడాల్సిన పల్లె లైన్లు ఎన్నో దాని పుణ్యాన ఇంకొన్నేళ్ళు బతికాయి. తూర్పున బౌట్సెన్‌లో కట్టిన దాని వరసవాడిని జనం పందిపిల్లల టాక్సీ అని పిలుచుకున్నారు. రైతులు వాటినీ ఎక్కించుకు వచ్చేవాళ్ళట. ఇంతకంటే గొప్ప బిరుదు ఏ టీఈఈ బండికి దక్కింది?

87వ వంతులో షీనెన్‌బుస్ 16 సెంటీమీటర్లు. మేర్క్‌లిన్ దశాబ్దాల పాటు దాన్ని అమ్మింది. క్రిస్మస్ చెట్టు కింద గుండ్రటి పట్టా మీద తిరిగిన ఎర్ర బండి చాలామంది జర్మన్లకు అదే. ఇప్పటి నమూనాల్లో చిన్న స్పీకరు కూడా ఉంటుంది. రైలు సంఘాలు బాగుచేసి సెలవు రోజుల్లో నడుపుతున్న అసలు షీనెన్‌బుస్‌లు ఇంకా ఉన్నాయి. వాటి దగ్గర మైకులు పెట్టి శబ్దం పట్టుకొస్తారు. ఇంజను దగ్గుతూ మేలుకోవడం, నిలకడగా గురగురలాడటం, హారను, తలుపు మూసుకోవడం, అన్నీ. గేర్లు మారేటప్పుడు ఇంజను ఒక్క క్షణం గొంతు దించి, మళ్ళీ ఎత్తుకునే చప్పుడు కోసం అభిమానులు చెవి రిక్కిస్తారు. అసలు బండికి ఆరు గేర్లు. బుల్లి బండి బయల్దేరిందంటే వాళ్ళు వేళ్ళు మడిచి లెక్కపెడతారు. అయిదుకే ఆగిపోతే దాన్ని షీనెన్‌బుస్ అని ఒప్పుకోరు.